వీడియో గేమ్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు, మొహమాటం లేని జవాబులు

ఆఫీసులో కుర్రాళ్లు, చుట్టాల పిల్లలు, అప్పుడప్పుడు వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగేవన్నీ ఒకచోట పెట్టాను. అన్నీ నేను ఆడిన గేమ్స్ గురించే, అన్నీ నా అభిప్రాయాలే. మీ అభిమాన గేమ్‌ని తక్కువ చేసి మాట్లాడానని అనిపిస్తే, నిజంగానే తక్కువ చేసి ఉంటాను.

ఏ గేమ్ మంచిదో, ఏది కాదో ఎలా తేలుస్తారు?

ఎన్ని గంటలు నడుస్తుందో చూసి మాత్రం కాదు. "వంద గంటల గేమ్ అండీ" అని గొప్పగా చెప్తారు కదా, ఆ వందలో కొత్తగా ఏదైనా చేయించినవి ఎన్ని, గుర్రమెక్కించి ఖాళీ మైదానంలో తిప్పినవి ఎన్ని అని చూస్తాను. పిల్లలు పడుకున్నాక రాత్రి పదిన్నరకి కంట్రోలర్ చేతికొచ్చేవాడికి గంట చాలా ఖరీదైన వస్తువు. నా టైమ్ తీసుకుని నాకేం ఇచ్చిందన్నదే లెక్క. పదికి ఎన్ని మార్కులని అడగొద్దు. ఏడున్నరకీ ఎనిమిదికీ తేడా చెప్పగలిగేవాళ్లని నేను నమ్మను.

అన్నిటికంటే నచ్చింది ఒక్కటే చెప్పమంటే?

సెకీరో. జపాన్ కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2019లో విడుదల చేసింది. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ కూడా దానికే వచ్చింది.

ఎందుకు నచ్చిందో చెప్పాలంటే ఒక్క ఫైట్ చూపిస్తే చాలు. అషీనా కోట పైన గెనిచిరో అనే యోధుడు ఉంటాడు. కథ మొదట్లో మీ చెయ్యి నరికింది అతనే. ఈ గేమ్‌లో ఎదుటివాడి ప్రాణం తగ్గించడం కంటే అతని నిలకడ చెడగొట్టడం ముఖ్యం. అతని కత్తి మీ మీద పడే సరిగ్గా ఆ క్షణంలో బటన్ నొక్కితే ఖంగుమని మోగుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, నిలకడ ఎంత చెడిందో చూపే అతని పోశ్చర్ బార్ పెరుగుతుంది. రవ్వంత ముందు నొక్కి ఊరికే అడ్డం పెట్టి ఊరుకుంటే ఆ దెబ్బకి మీ బార్ నిండుతుంది. మొదట్లో నేను అందరిలాగే వెనక్కి పరిగెత్తి, సందు దొరికినప్పుడు ఒక్కో దెబ్బ వేద్దామని చూశాను. దూరంగా ఉంటే బాణాలు వేస్తాడు. గాయాలకి మందు తాగబోతే మీదికి దూకుతాడు. తప్పించుకు తిరిగేవాణ్ని ఈ గేమ్ బతకనివ్వదు. అతని ఎదురుగా నిలబడి, దెబ్బల వరస చెవికి పట్టుబడ్డాక మాత్రం అతనే తడబడటం మొదలెడతాడు. చివరి దశలో మెరుపుతో కొడతాడు. గాల్లోకి ఎగిరి, ఆ మెరుపుని గాల్లోనే అందుకుని, కాళ్లు నేల తాకేలోపు కత్తి తిప్పితే అది అతనికే తిరిగి పోతుంది.

గెలిచాక మెనూ తెరిచి చూస్తే నా క్యారెక్టర్ బలం దాదాపు ముందున్నంతే ఉంది. మారింది నా వేళ్లే. ఇంకే గేమ్‌లోనూ నాకు ఇంత శుభ్రంగా ఆ తేడా తెలియలేదు.

అంత కష్టమైతే టెన్షనే కదా, ఇంక సరదా ఎక్కడుంది? ఈజీ మోడ్ పెడితే ఏం పోయింది?

సెకీరోలో ఈజీ మోడ్ లేకపోవడం నాకు సమ్మతమే. ఎదురు నిలబడటమే ఆ గేమ్, అది తీసేస్తే కోట చుట్టూ టూరు మిగులుతుంది. అలాగని ఈజీ మోడ్ అడిగేవాళ్లని వెక్కిరించే జనం అంటే నాకు ఒళ్లు మంట.

సెలెస్ట్ అని 2018లో వచ్చిన కొండెక్కే గేమ్ ఉంది. చాలా కష్టం. అందులో అసిస్ట్ మోడ్ ఉంటుంది: ఆట వేగం తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా చేసుకోవచ్చు, కావాలంటే చావే లేకుండా కూడా. అది వాడినందుకు గేమ్ మిమ్మల్ని ఒక్క మాట అనదు. చేతి వేళ్ల నొప్పులున్న నా స్నేహితుడొకడు వేగం కాస్త తగ్గించుకుని మొత్తం పూర్తి చేశాడు. అతని ఆనందం నా ఆనందం కంటే ఎందులో తక్కువ?

మరి ఎల్డెన్ రింగ్?

2022లో వచ్చింది, అదే కంపెనీ. మొదటి సగం అద్భుతం. కోట గుమ్మం దగ్గర మార్గిట్ అనే బాస్ (దారి కాసే పెద్ద శత్రువు) చితక్కొడితే అతనితోనే తలపడక్కర్లేదు. దక్షిణంగా పోయి వేరే ఊళ్లు తిరిగి, బలం పెంచుకుని, సాయానికి ఆత్మల్ని పిలుచుకుని తాపీగా తిరిగి రావచ్చు. కష్టమైన గేమ్స్ అలవాటు లేనివాళ్లు ఇక్కడ మొదలెట్టడమే మంచిది.

రెండో సగం గురించి అందరూ అనేది నేను అనలేను. మంచు కొండలకి చేరేసరికి కింద చూసిన బాసులే మళ్లీ ఎదురవుతారు, రంగు మార్చుకుని. ఓ ముప్పై గంటలు కోసేసి ఉంటే ఇది నా జాబితాలో సెకీరోకి పోటీ వచ్చేది.

అందరూ పొగిడేదే, మీకు మాత్రం ఎక్కనిది?

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారని తెలుసు, అయినా చెప్తాను.

2018లో రాక్‌స్టార్ తీసిన ఈ గేమ్‌లో 1899 నాటి అమెరికా ఉంటుంది. చలికి గుర్రం వృషణాలు ముడుచుకుపోయేంత వివరంగా తీశారు. ఆర్థర్ మోర్గన్ పాత్ర, ఆ కంఠం, అతని మనసు మెల్లగా మారడం, వీటికి వంక పెట్టను. గేమ్స్‌లో అంత బాగా రాసిన మనిషి అరుదు.

కానీ ఆడుతున్నప్పుడు ఏం చేస్తామో చూడండి. ఇంట్లో దూరి సొరుగు తెరవాలంటే ఆర్థర్ నడిచి వెళ్లి, వంగి, సొరుగు లాగి, చెయ్యి పెట్టి, ఒక టిన్ను బయటికి తీస్తాడు. ఇంకో సొరుగుకి మళ్లీ అదంతా. మొదటిసారి ముచ్చటేస్తుంది. ఇరవయ్యోసారి పాస్‌పోర్ట్ ఆఫీస్ క్యూలో నిలబడ్డట్టుంటుంది. అది సరే, నెమ్మదిగా బతకమంటోంది అని సర్దుకుందామంటే, మిషన్ మొదలవగానే ఆ స్వేచ్ఛంతా హుళక్కి. చెప్పిన దారి దాటి పక్క నుంచి చుట్టి వద్దామనుకుంటే "మిషన్ ఫెయిల్డ్". బయట ఇంత ప్రపంచం కట్టి, లోపల గీత గీసి దాని మీదే నడవమనడం ఏం న్యాయం?

పూర్తి చేశాను. క్లైమాక్స్‌కి గొంతు పట్టేసింది కూడా. మళ్లీ ఆడమంటే మాత్రం ఆడను.

జీటీఏ వైస్ సిటీ నిజంగా అంత గొప్పదా, చిన్నప్పటి మోజా?

సగం సగం. 2002లో ప్లేస్టేషన్ 2కి, 2003లో పీసీకి వచ్చింది. మన ఊళ్లలో చాలామంది దాన్ని కొనుక్కుని ఆడలేదు. నెట్ సెంటర్‌లో గంటకి ఇంతని కట్టి, పక్క సీటువాణ్ని చూస్తూ నేర్చుకున్నారు. చాలామందికి కథే తెలియదు. "పాంజర్" కొడితే ట్యాంకు వస్తుందనీ, "లీవ్ మీ అలోన్" కొడితే పోలీసులు వదిలేస్తారనీ తెలుసు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ రాని పిల్లలకి కూడా ఈ కోడ్‌లు అక్షరం పొల్లుపోకుండా వచ్చేవి.

ఇప్పుడు ఆడితే? 1986 నాటి ఆ ఎండ, ఆ నియాన్ లైట్లు, కారెక్కగానే మోగే రేడియో, వీటికి ఇప్పటికీ తిరుగులేదు. కాల్పులు మాత్రం అప్పుడూ మొరటే, ఇప్పుడూ మొరటే. చిన్న రిమోట్ హెలికాప్టర్‌తో కడుతున్న బిల్డింగ్‌లో నాలుగు బాంబులు పెట్టే మిషన్ గుర్తుందా? దాన్ని తిట్టని తెలుగువాడు లేడు. మెట్ల దారిలో రెక్క తగిలిందా, మొదటికొచ్చినట్టే. అది కష్టమైన మిషన్ అని ఒప్పుకోను. కంట్రోల్స్ చేతకాక కష్టమైంది.

2021లో వచ్చిన రీమాస్టర్ (పాత గేమ్‌కే కొత్త మెరుగులు దిద్దిన వెర్షన్) జోలికి మొదట్లో పోయినవాళ్లు బాధపడ్డారు. పైన పటారం, లోన లొటారం. తర్వాత బాగు చేశారు గానీ, పాత వెర్షన్‌లోని ఆ పొగమంచు సాయంత్రాలే నాకిష్టం.

రోడ్ రాష్?

పక్క బైకు వాణ్ని తన్ని, వాడి చేతిలో గొలుసు లాక్కుని, దాంతో వాణ్నే కొట్టడం. ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది, ఐదు నిమిషాల్లో నవ్వొస్తుంది. ఇప్పటికీ బాగుంటుంది. ఇంతకు మించి చెప్పడానికేం లేదు.

క్రికెట్ గేమ్స్‌లో ఏది ఆడాలి?

ఇది అడిగినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఇంత క్రికెట్ పిచ్చి ఉన్న దేశంలో ఇప్పటికీ చాలా కంప్యూటర్లలో ఈఏ క్రికెట్ 07 ఉంటుంది. 2006 చివర్లో వచ్చిన గేమ్. ఆ తర్వాత ఈఏ కంపెనీ మళ్లీ క్రికెట్ జోలికే రాలేదు. అందులో మన ఆటగాళ్ల అసలు పేర్లు కూడా లేవు. ఓపికున్న అభిమానులు పేర్లు, జెర్సీలు, ఐపీఎల్ జట్లు, స్టేడియాలు తయారుచేసి ఎక్కించుకుంటూ దాన్ని బతికించారు. ఆట లోతు పెద్దగా లేదు. ముందుకొచ్చి ఎత్తి కొడితే సిక్స్, కాసేపటికి అన్ని బంతులూ ఒకటే. కానీ అన్నదమ్ములిద్దరు ఒకే కీబోర్డ్ మీద మోచేతులు తోసుకుంటూ ఆడితే ఆ లోతు ఎవడికి కావాలి?

అసలు క్రికెట్ కావాలంటే ఆస్ట్రేలియా కంపెనీ బిగ్ యాంట్ తీసేవి ఉన్నాయి. క్రికెట్ 22 ఆడాను. బంతి స్వింగ్ అవుతుంది, ఫుట్‌వర్క్ చూసుకోవాలి, టెస్ట్ మ్యాచ్‌లో మొదటి గంట బతికి బయటపడితే గర్వంగా ఉంటుంది. ఫీల్డర్లు మాత్రం ఒక్కోసారి కళ్ల ముందు పోతున్న బంతిని చూస్తూ నిలబడతారు. మన జట్టు లైసెన్స్ లేదు కాబట్టి వేరే ఆటగాళ్లు చేసిపెట్టిన టీముల్ని డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఇన్నేళ్లయినా ఇంకా పేర్లు మనమే దిద్దుకుంటున్నాం.

ఫోన్‌లో అయితే చెన్నై వాళ్లు చేసిన వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్ 3 పర్వాలేదు. బస్సు వచ్చేదాకా రెండు ఓవర్లు ఆడుకోవడానికి చక్కగా సరిపోతుంది.

బీజీఎంఐ గురించి ఏమంటారు? టైమ్ వేస్టా?

2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్ అనే కాల్పుల గేమ్‌ని నిషేధించారు. 2021 జూలైలో అదే బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అయి వచ్చింది. 2022 జూలైలో మళ్లీ ఆగింది, 2023లో మళ్లీ వచ్చింది. ఇన్నిసార్లు పోయి వచ్చినా జనం ఎక్కడికీ పోలేదంటే అందులో ఏదో ఉన్నట్టే.

ఆ ఏదో ఏంటంటే, నలుగురు స్నేహితుల గొంతులు. ఒకడు హైదరాబాద్‌లో, ఒకడు డల్లాస్‌లో, ఒకడు నైట్ షిఫ్ట్‌లో బ్రేక్ తీసుకుని. పొదలో పడుకుని "ఒరేయ్, మెట్ల మీద అడుగుల చప్పుడు వింటున్నావా" అని గుసగుసలాడే ఆ రెండు నిమిషాల టెన్షన్ చాలా పెద్ద గేమ్స్‌లో దొరకదు. ఒంటరిగా ఆడితే మాత్రం కిట్ ఏరుకోవడం, పరిగెత్తడం, ఎవడో కనపడనివాడు కాలిస్తే పోవడం. కింది ర్యాంకుల్లో చాలామంది శత్రువులు కంప్యూటర్ బొమ్మలే. ఇరవై కిల్స్ అని పొంగిపోయే ముందు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

నా సలహా: ముగ్గురు దొరికితే ఆడండి, దొరక్కపోతే ఆ రోజుకి వేరేది పెట్టుకోండి.

అన్నట్టు, ఆ నిషేధం వేడిలో 2021 జనవరి 26న వచ్చిన మన దేశపు గేమ్ ఫౌజీ గురించి కూడా అడుగుతుంటారు. దేశభక్తి వేరు, గేమ్ వేరు. ఒకే రకం గుద్దులాట ఎంతసేపు ఆడతాం?

ఫ్రీ గేమ్స్ ఉండగా డబ్బులు పెట్టి కొనడం ఎందుకు?

గెన్షిన్ ఇంపాక్ట్ తీసుకుందాం. 2020లో ఫ్రీగా వచ్చింది. అందంగా ఉంటుంది, పాటలు బాగుంటాయి, కొండలెక్కి తిరగడం హాయిగా ఉంటుంది. నచ్చిన క్యారెక్టర్ కావాలంటే లాటరీ తీయాలి. తొంభై సార్లలోపు ఒక ఐదు నక్షత్రాల క్యారెక్టర్ ఖాయం. అయితే అది మీరు కోరుకున్నదే అవ్వాలని లేదు. మొదటిసారి తప్పితే రెండోసారి ఖాయం. అంటే అదృష్టం అస్సలు కలిసి రాకపోతే నూట ఎనభై సార్లు తీయాలి. డబ్బులు పెట్టకపోతే రోజూ లాగిన్ అయ్యి చిన్నచిన్న పనులు చేసి ఆ లాటరీకి పనికొచ్చే రాళ్లు పోగేయాలి. రోజూ. ఒక్కరోజు మానేస్తే ఏదో పోగొట్టుకున్నట్టు దిగులు.

ఫ్రీ అన్నప్పుడు జేబు కనపడుతుంది గానీ గడియారం కనపడదు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్ ఒక్కసారి కొన్నాను. నేను నెలరోజులు తెరవకపోయినా నా పొలం ఏమీ అనలేదు.

రమ్మీ యాప్స్ కూడా గేమింగ్ కిందికే వస్తాయా?

నా దృష్టిలో రావు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపాయి. 2025లో పార్లమెంట్ దేశమంతటికీ చట్టం చేసింది. "మావాడు గేమింగ్ చేసి అప్పుల పాలయ్యాడు" అని ఎవరైనా అంటే ముందు ఏ గేమ్ అని అడగండి. పేకాటకి పడ్డ తిట్లు మారియోకి తగులుతున్నాయి.

మన కథలతో, మన నేలమీద మంచి గేమ్ ఏదైనా ఉందా?

ఉన్నాయి, కానీ ఏది చెప్పినా ఒక "కానీ" తప్పదు.

పుణే స్టూడియో నాడింగ్ హెడ్స్ 2020లో తీసిన రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్ చూడండి. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడి కోసం ఒక అమ్మాయి త్రిశూలం పట్టుకుని బయల్దేరుతుంది. దుర్గ, విష్ణువు పైనుంచి చూస్తూ ఆ పిల్ల గురించి మాట్లాడుకుంటుంటే కథ నడుస్తుంది. మధ్యలో వచ్చే ఘట్టాలు తోలుబొమ్మలాట పద్ధతిలో ఉంటాయి. తెర వెనక దీపం, తెర మీద నీడలు. మన ఊళ్లలో తోలుబొమ్మలాట చూసిన తరం పక్కన కూర్చుంటే వాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు. కానీ ఫైటింగ్ బిగుసుకుపోయి ఉంటుంది, గోడలెక్కేటప్పుడు ఎటు దూకుతుందో నమ్మలేం, కథ అర్ధాంతరంగా ఆగిపోతుంది. కొద్దిమంది కలిసి చేసిన పని అని తెలిసి క్షమించాను. ఆడినందుకు చింత లేదు.

హైదరాబాద్‌లో ఓగర్‌హెడ్ స్టూడియో వాళ్లు 2017లో అసుర తీశారు. చచ్చిన ప్రతిసారీ శక్తుల చెట్టు కొత్తగా అల్లుకుంటుంది. కాబట్టి నిన్నటి ఎత్తు ఇవాళ పనికిరాదు. మన ఊరి గేమ్ అని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఇంకాస్త మందికి తెలియాల్సింది.

అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ 2017లో వచ్చిన అమెరికన్ గేమ్. కథ జరిగేది పడమటి కనుమల్లో, వెతికేది హొయసళుల నాటి గణపతి దంతం. పరశురాముడి గొడ్డలికి వినాయకుడి దంతం విరిగిన కథ తెలిసినవాళ్లకి కొన్ని పజిల్స్ ముందే అర్థమైపోతాయి. ఆ చిన్న గర్వం ఎలా ఉంటుందో అనుభవించాల్సిందే. ఎర్రమట్టి, జలపాతాలు, వానకి తడిసిన రాళ్లు చాలా బాగా తీశారు. కానీ హళేబీడు చూసి వచ్చినవాళ్లకి నవ్వొస్తుంది. హొయసళ గుళ్లు కొండంత ఎత్తుకి పోవు. వాటి గొప్పంతా మెత్తని రాతిలో చెక్కిన చిన్నచిన్న నగల్లో, నక్షత్రం ఆకారపు అరుగుల్లో ఉంటుంది. గేమ్‌లో అన్నీ ఆకాశాన్నంటే విగ్రహాలు. పెద్దగా ఉంటేనే గొప్ప అనుకునే హాలీవుడ్ కన్ను అది.

నాకు అన్నిటికంటే దగ్గరైంది వెన్బా. 2023లో టొరంటోలోని చిన్న స్టూడియో తీసింది. కెనడాకి వలస వెళ్లిన తమిళ కుటుంబం, అమ్మ చేతి వంట, తమిళం వదిలించుకోవాలని చూసే కొడుకు. అమ్మమ్మ వంటల పుస్తకం మీద మరకలు పడి సగం అక్షరాలు పోయాయి, మిగతాది మనమే ఊహించాలి. మొదటి పజిల్ ఇడ్లీ. రేకుల్ని ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చాలో తేల్చాలి: గుంట పైన గుంట రాకూడదు, ఆవిరి పోవడానికి దారి ఉండాలి. మా ఆవిడ పక్కనుంచి చూసి, నేను ఆలోచిస్తుండగానే "అదేం ప్రశ్న, తిప్పి పెట్టు" అంది. గేమ్ మొత్తం గంటన్నర. న్యూజెర్సీలో ఉన్న మా చెల్లి ఆడి, ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి పులిహోర పోపు కొలతలు అడిగింది.

2024లో చైనావాళ్లు తమ కోతి వీరుడి కథతో బ్లాక్ మిత్: వుకాంగ్ తీసి ప్రపంచాన్ని ఊపేశాక, "మన హనుమంతుడితో ఎప్పుడు" అని అందరూ అడుగుతున్నారు. అంత డబ్బు, అంత ఓపిక పెట్టే నిర్మాత ఎప్పుడొస్తే అప్పుడు.

కథ కోసం ఆడాలంటే?

ది విచర్ 3. 2015లో పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ తీసింది. వెలెన్ అనే బురద ప్రాంతంలో ఒక తాగుబోతు బారన్ ఉంటాడు. భార్యా కూతురూ కనపడట్లేదంటాడు. పోయేకొద్దీ అతని మీద అసహ్యం, ఆ వెంటనే జాలి, మళ్లీ అసహ్యం. ఏ నిర్ణయం తీసుకున్నా చేతులు కడుక్కోలేం. ఆ ఒక్క కథ కోసం గేమ్ కొనొచ్చు. కానీ స్కెలిగె సముద్రంలో మ్యాప్ నిండా కనపడే ప్రశ్నార్థకాల జోలికి పోకండి. నూటికి తొంభై చోట్ల నీళ్లలో తేలే పీపాలే. ఆ పడవ ప్రయాణాలు నాకు ఎవరూ తిరిగివ్వరు.

డిస్కో ఎలీసియం కూడా చెప్పాలి. తాగిన మత్తులో అన్నీ మర్చిపోయిన డిటెక్టివ్ నిద్ర లేస్తాడు. హ్యాంగోవర్‌లో లైటు వేసినా ప్రాణం పోవచ్చు, నిజంగా. నవ్వలేక చచ్చాను. కాకపోతే మొత్తం చదవడమే, ఆ ఇంగ్లిష్ కూడా తేలిక కాదు. ఏ పెద్ద గేమ్‌కీ తెలుగు సబ్‌టైటిల్స్ రావట్లేదు కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఈ తలుపు మూసే ఉంటోంది. అది ఆటగాళ్ల లోపం కాదు.

మధ్యలో వదిలేసినవి ఉన్నాయా?

బోలెడు. అసాసిన్స్ క్రీడ్ వల్హాలా అన్నిటికంటే పెద్దది. పడవలు, కోటలు, దాడులు, చేపలు పట్టడం, పాచికలు, తాగుడు పందేలు, అంగట్లో అన్నీ ఉన్నాయి గానీ అల్లుడి నోట్లో శని. ఒక రాజ్యానికి వెళ్తాం, అక్కడి రాజుకి కష్టం, తీరుస్తాం, పక్క రాజ్యానికి వెళ్తాం, అక్కడి రాజుకీ కష్టం. మూడో రాజు దగ్గర దండం పెట్టి వచ్చేశాను.

వదిలేయడంలో సిగ్గేమీ లేదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్స్ షాపులో అయితే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు ఉంటే డబ్బులు వాపసు అడగొచ్చు. మొహమాటపడకుండా వాడుకోండి.

సైబర్‌పంక్ 2077 ఇప్పుడు కొనొచ్చా?

కొనొచ్చు. 2020 డిసెంబర్‌లో విడుదలైనప్పుడు ఎంత అధ్వానమంటే, వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్‌లోంచే తీసేసింది. 2023లో వచ్చిన 2.0 అప్‌డేట్, ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు కథ తర్వాత అది వేరే గేమ్. బాగు చేశారని మెచ్చుకుంటాను. మొదటిరోజు పూర్తి ధర కట్టినవాళ్లతో మూడేళ్లు పరీక్ష చేయించారన్న మాట మాత్రం అలాగే ఉంటుంది. ఏ పెద్ద గేమ్‌నైనా ఆరు నెలలు ఆగి, సేల్‌లో కొంటాను.

నా దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉంది. ఏం ఆడను?

దిగులు పడకండి, మంచివన్నీ మీకే. స్టార్‌డ్యూ వ్యాలీ: ప్రోగ్రామింగ్, బొమ్మలు, సంగీతం అన్నీ ఒక్కడే, ఎరిక్ బరోన్, ఏళ్లతరబడి కూర్చుని చేశాడు. పేపర్స్, ప్లీజ్: సరిహద్దులో పాస్‌పోర్టులు చూసే గుమాస్తా మీరు. తేదీ సరిపోలేదని ఒక తల్లిని వెనక్కి పంపాలా, మీ జీతం కోయించుకుని లోపలికి పంపాలా? హాలో నైట్: ఆస్ట్రేలియాలో ముగ్గురు నలుగురు కలిసి చేసిన పురుగుల రాజ్యం, చేత్తో గీసిన బొమ్మలు. ఈ మూడింటిలో ఏదీ పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ అడగదు.

కాస్త మెరుగైన కంప్యూటర్ ఉంటే అవుటర్ వైల్డ్స్ ఆడండి. ప్రతి 22 నిమిషాలకీ సూర్యుడు పేలిపోతాడు, మీరు మళ్లీ మొదట్లో లేస్తారు. తుపాకీ లేదు, లెవెల్ లేదు. క్రితంసారి తెలుసుకున్న సంగతి ఒక్కటే మీ చేతిలో ఉంటుంది. దాని గురించి ఇంతకంటే చెప్పను, ఎవరినీ చెప్పనివ్వకండి.

పిల్లలకి ఏది ఇవ్వొచ్చు?

మైన్‌క్రాఫ్ట్‌లో పీస్‌ఫుల్ మోడ్ పెట్టి ఇవ్వండి, రాక్షసులు రారు. పక్కన కూర్చుని ఆడే ఓపిక మీకుంటే ఇట్ టేక్స్ టూ: ఇద్దరు ఉంటేనే నడుస్తుంది, ఒకరు కొంటే ఇంకొకరు ఫ్రెండ్స్ పాస్‌తో ఆడొచ్చు. అయితే అది విడాకులకి సిద్ధపడ్డ అమ్మానాన్నల కథ. మధ్యలో కూతురి బొమ్మ ఏనుగుని వాళ్లు చేసే పని చిన్నపిల్లల్ని ఏడిపిస్తుంది. ఆ భాగం ముందు మీరు చూసుకోండి. జీటీఏ పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి. "అందరూ ఆడుతున్నారు" అని పిల్లాడు అంటాడు. మనమూ అలాగే అన్నాం.

ఇప్పుడు ఏం ఆడుతున్నారు?

హాలో నైట్ తర్వాతి భాగం సిల్క్‌సాంగ్. 2019లో ప్రకటించి, 2025 సెప్టెంబర్‌లో విడుదల చేశారు. హీరోయిన్ హార్నెట్ కదలిక చూస్తుంటే కళ్లు చాలవు. ఒక్క దెబ్బకి రెండు ప్రాణాలు పోవడం మాత్రం ఆట మొదట్లోనే అతిగా అనిపించింది. కూర్చుని ఊపిరి పీల్చుకునే బెంచీలకి కూడా కొన్నిచోట్ల ఆ ఆటలో డబ్బుగా చెల్లే పూసలు ఇచ్చుకోవాలి. హంటర్స్ మార్చ్ అనే చోటికి ముక్కుతూ మూలుగుతూ చేరి, హమ్మయ్య బెంచీ దొరికిందని కూర్చుంటే, దాని కింద ఉచ్చు పెట్టి ఉంచారు. చేసినవాళ్లని నోటికొచ్చినట్టు తిట్టి, గట్టిగా నవ్వి, మా వాడు నిద్ర లేస్తాడేమోనని సౌండ్ తగ్గించుకుని మళ్లీ మొదలెట్టాను. ఇంకా పూర్తవలేదు. అయ్యాక అడగండి.